కడగకుండా తీసుకురండి

దఫీనా నర్సు చేతులు ఎప్పుడూ చల్లగా ఉంటాయని మా ఊరి పిల్లలందరికీ తెలుసు. ఆ సంగతి ఆవిడకీ తెలుసు. అందుకే ఏ పిల్లనైనా ముట్టుకునే ముందు అరచేతులు గబగబా రుద్దుకుని, "ఇదిగో, వస్తున్నా, కేకలు పెట్టకు" అని హెచ్చరించేది. పిల్లలు కేకలు పెట్టేవాళ్ళు. ఆవిడ పట్టించుకునేది కాదు.

ఆర్దా నది ఒడ్డున నూలుమిల్లు కట్టినప్పుడు, దాని గోడ పక్కనే కార్మికుల పిల్లల కోసం ఒక పిల్లలబడి కట్టారు. తల్లులు మొదటి షిఫ్టుకు వెళుతూ పిల్లల్ని అక్కడ దింపి, షిఫ్టు దిగి తీసుకెళ్ళేవాళ్ళు. దఫీనా అక్కడి నర్సు. సన్నగా, పొడుగ్గా ఉండేది. నవ్వు తక్కువ. మాట సూటి. భర్త లారీ తోలుతూ నెలలో సగం రోజులు రాజధాని సోఫియా దారిలోనే ఉండేవాడు. ఇంట్లో అత్తగారు మీతా, అయిదేళ్ళ కొడుకు కామెన్. ఆ కామెన్‌ని కూడా దఫీనా అదే బడికి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చేది.

బడిలో ఏటా శరదృతువులో నులిపురుగుల పరీక్ష జరిగేది. అందులో పెద్ద విద్యేమీ లేదు. పొద్దున్నే, పిల్ల ఇంకా ఒళ్ళు కడుక్కోకముందే, పారదర్శకమైన అంటుటేపు ముక్కని వెనకభాగం దగ్గర అద్ది, దాన్ని గాజుపలక మీద అతికించి సూక్ష్మదర్శినిలో చూడాలి. పురుగు గుడ్లుంటే కనిపిస్తాయి. అంతే. కానీ ఆ "కడుక్కోకముందే" అన్న ఒక్క మాట దగ్గరే మా ఊళ్ళో పని చెడిపోయేది.

మా ఊరి ఆడవాళ్ళ సంగతి చెప్పాలి. డాక్టరు ఇంటికొస్తున్నాడంటే రోగిని మంచం మీంచి లేపి మరీ దుప్పటి మారుస్తారు. నొప్పులొస్తుంటే కూడా ఆసుపత్రికి వెళ్ళేముందు గుమ్మం కడిగి వెళ్ళిన ఇల్లాళ్ళున్నారు. అలాంటివాళ్ళని పట్టుకుని, పిల్ల వెనకభాగం నర్సుకి చూపించాలి, కడక్కుండా తీసుకురండి అంటే వింటారా? అందరూ తలలు ఊపుతారు. తెల్లారగానే అందరూ నీళ్ళు కాచుకుంటారు. పరీక్షరోజున బడి నడవా అంతా ఇంటి సబ్బు వాసనే. అందుకే ఏటా మా బడిలో ఒక్క పిల్లకీ పురుగు లేనట్టే తేలేది. డైరెక్టరు వల్చేవా ఆ మాట అన్ని సమావేశాల్లోనూ గొప్పగా చెప్పుకునేది.

ఆ ఏడు మాత్రం పిల్లల పరిస్థితి బాగాలేదు. మధ్యాహ్నం పడుకోబెడితే నిద్రపోరు. కూర్చున్నచోట కూర్చోరు, మెలికలు తిరుగుతారు. పళ్ళు కొరుకుతారు, చిరాకుపడతారు. ముసలమ్మలు పిల్లలు జడుసుకున్నారని తేల్చి, జడిపించిందేదో తెలియడానికి సీసం కరిగించి నీళ్ళలో పోయించి, ఆ ముద్దలో కుక్క ఆకారం కనబడిందని ఒకరూ, రైలు కనబడిందని ఒకరూ చెప్పుకున్నారు. దఫీనాకి ఒళ్ళు మండింది. పరీక్షకు ముందురోజు తల్లుల్ని గేటు దగ్గరే ఆపింది.

"అక్కలూ, వినండి. పిల్లలు పడుకున్నాక ఆ పురుగు బయటికొచ్చి చర్మం మీద గుడ్లు పెట్టి పోతుంది. పొద్దున మీరు కడిగేస్తే గుడ్లు పోతాయి, పురుగు మాత్రం లోపల హాయిగా ఉంటుంది. నాకు గుడ్లు కావాలి. అర్థమైందా? మొహం కూడా కడగొద్దు. మంచం మీంచి తీసి నేరుగా తీసుకురండి."

"కంపు కొడితే?" అంది పెత్కానా. మగ్గాల దగ్గర పనిచేసే పొడుగాటి మనిషి, నోరు కూడా అంతే పొడుగు.

"కొట్టనీ. వాసన చూసేది నేను, నువ్వు కాదు."

అందరూ నవ్వారు. వెనక గోడకి ఆనుకుని నిలబడ్డ ఒక చిన్న మనిషి మాత్రం నవ్వలేదు. పెదాలు కదుపుతూ, విన్నదాన్ని మనసులో వల్లించుకుంటున్నట్టుంది. ఆమె పేరు రుసానా. కొండల్లోని పల్లె నుంచి కొత్తగా దిగింది. మొగుడు గనిలో పోయాడు. నాలుగేళ్ళ కూతురు సెవ్‌దాతో మిల్లు వసతిగృహంలో ఒక గదిలో ఉంటోంది. మా ఊరివాళ్ళు ఆమెని పేరుతో కాక "ఆ కొండామె" అని పిలిచేవాళ్ళు.

మర్నాడు తెల్లవారుజామున దఫీనా లేచి పొయ్యి రాజేసింది. నీళ్ళ గిన్నె పెట్టింది. టీ కోసమే అనుకుంది. కామెన్ కళ్ళు నులుముకుంటూ వచ్చాడు, ఒక చెయ్యి పైజామా వెనక్కి పోయి ఉంది. వాడు గోక్కోవడం ఆవిడ వారంగా చూస్తూనే ఉంది. తెలియక కాదు. తెలిసే ఆ నీళ్ళని తొట్టిలో పోసింది, తెలిసే వాణ్ణి అందులో నిలబెట్టింది, తెలిసే సబ్బు తీసింది. నర్సు కొడుకు పలక మీదే పురుగు గుడ్లు తేలాయని బడిలో తెలిస్తే వల్చేవా మొహం ఎలా పెడుతుందో ఆవిడకి కళ్ళకు కట్టినట్టు కనిపించింది. నిన్న అంతమంది ముందు దబాయించిన మనిషే, ఆ పొద్దున ఒక్క మాట లేకుండా కొడుకుని తోమి తోమి కడిగింది.

"బడికి ఒళ్ళు కడుక్కోకూడదన్నావుగా అమ్మా?" అన్నాడు కామెన్.

"నువ్వు నోరు మూసుకుని చేతులెత్తు," అంది.

ఆ రోజు నడవాలో ఎప్పటి సబ్బు వాసనే. దఫీనా అరచేతులు రుద్దుకుంటూ ఒక్కో పిల్లనీ తెర వెనక్కి తీసుకెళ్ళి, టేపు అద్ది, గాజు మీద అతికించి, పేరు రాసి పెట్టెలో పెట్టింది. సెవ్‌దా వంతు వచ్చింది. జుట్టు చిక్కులతో, చెంప మీద దిండు ముడత అచ్చు పడి ఉంది. పైజామా మీదే కోటు తొడిగారు. మిగతా పిల్లలు ముక్కులు మూసుకుని కిసుక్కుమన్నారు. దఫీనా ఆ పిల్ల తల నిమిరింది. తన మాట విన్న తల్లి ఒక్కతే ఉందని ఆ క్షణానే అర్థమైంది.

మధ్యాహ్నం మిల్లు వైద్యశాలలో సూక్ష్మదర్శిని ముందు కూర్చుంది. పలక తర్వాత పలక ఖాళీ. కామెన్ పలకా ఖాళీ. సెవ్‌దా పలక పెట్టగానే కనిపించాయి. పారదర్శకమైన గింజల్లాంటి గుడ్లు, ఒక పక్క ఉబ్బెత్తుగా, ఒక పక్క చదునుగా, లోపల ముడుచుకున్న పిల్ల పురుగుతో సహా. దఫీనాకి మొదట కలిగింది సంతోషమే. ఇన్నేళ్ళకి దొరికాయి! ఆ తర్వాత పలక అంచున రాసిన పేరు చూసింది. అంత బడిలో ఒక్క పిల్ల పేరు. అదీ ఆ పిల్ల పేరు.

వల్చేవా విని కుర్చీలో వెనక్కి వాలింది. చెడ్డ మనిషి కాదు, కానీ శుభ్రమైన బడికి జిల్లావాళ్ళిచ్చే పరిశుభ్రత జెండా మీద ఆశ పెట్టుకుని ఉంది. జిల్లా సంఘం వాళ్ళు వచ్చే వారమే తనిఖీకి రాబోతున్నారు.

"ఆ కొండామె కూతురా? నేననుకున్నాను. బడి అంతా శుభ్రంగా ఉంది, ఒక్క పిల్ల బయట్నుంచి మోసుకొచ్చింది. సరే, నిబంధన ఉంది కదా. మందు వేయించి, మళ్ళీ పరీక్షల్లో ఏమీ లేదని తేలేదాకా ఇంట్లోనే ఉంచమను."

"కామ్రేడ్ వల్చేవా, మిగతావాళ్ళంతా కడిగి తీసుకొచ్చారు."

"నీకెలా తెలుసు? చూశావా?"

చూశాననడానికి దఫీనాకి ఒక దారి ఉంది. "నేనే కడిగాను, నా కొడుకుని" అంటే సరిపోయేది. ఆ మాట అనకుండానే మందు సీసా తీసుకుని బయటికొచ్చేసింది.

షిఫ్టు దిగి వచ్చిన రుసానాకి ఆవిడే చెప్పాల్సి వచ్చింది. రుసానా జుట్టు నిండా దూది. విన్నంతసేపూ ఆ దూది ఒక్కో పోగే పీక్కుంటూ నిలబడింది.

"నువ్వు కడగొద్దన్నావు సిస్టరమ్మా. నే కడగలే. దోవంతా అందరూ చూస్తుంటే తల దించుకుని తెచ్చా పిల్లని."

"మంచిపని చేశావు రుసానా."

"మంచిపనికా ఇది?"

దఫీనా సీసా తీసి పిల్లకి ఆ రోజు మోతాదు పోసింది.

"పిల్లనెక్కడ పెట్టుకోను? వసతిగృహంలో అందరూ నా షిఫ్టువాళ్ళే. పని మానేస్తే గది ఖాళీ చెయ్యమంటారు. గది పోతే కొండెక్కాలి. ఆయన పోయినప్పుడే మా మామ చెప్పేశాడు, నా ఇంట్లో రెండు నోళ్ళకి చోటు లేదని. ఏం చెయ్యమంటావో నువ్వే చెప్పు."

"కొన్నాళ్ళే," అంది దఫీనా. ఆ మాట తనకే నచ్చలేదు.

రెండో రోజు మోతాదు మందు ఇవ్వడానికి దఫీనా వసతిగృహానికి వెళ్ళింది. రుసానా పనిలో ఉండే వేళ అది. పనికి సెలవు పెట్టినవాళ్ళెవరి దగ్గరైనా పిల్ల ఉంటుందనుకుంది. నడవాలో మనిషి అలికిడి లేదు. రుసానా గదికి బయట తాళం వేసి ఉంది. వెనక్కి తిరగబోతుంటే లోపల బొమ్మతోనో, తనలో తానో మాట్లాడుకుంటున్న చిన్న గొంతు వినిపించింది.

దఫీనా తలుపు దగ్గర మోకాళ్ళ మీద కూర్చుంది. "సెవ్‌దా? నేనమ్మా, చల్లచేతుల సిస్టర్‌ని."

గొంతు ఆగిపోయింది. "అమ్మ వచ్చేదాకా ఎవరితో మాట్లాడొద్దంది" అని జవాబొచ్చింది.

"సరే, మాట్లాడకు. చలిగా ఉందా?"

"కోటేసుకున్నా. పొయ్యి ముట్టుకోవద్దంది."

"భయంగా ఉందా?"

"ఉంది." తర్వాత ఏదో ఈడ్చిన చప్పుడు, తలుపుకి దగ్గరగా ఊపిరి. "సిస్టరమ్మా, నేను కడుక్కున్నా. నిన్న కడుక్కున్నా, ఇవాళా కడుక్కున్నా. చేతులు మండుతున్నాయి. ఇంక కంపు కొట్టట్లేదు. బడికి రానా?"

దఫీనా నుదురు ఆ తలుపుకి ఆనించి అలాగే ఉండిపోయింది. ఏడుపొచ్చింది, కానీ పిల్లకి వినబడుతుందని ఏడవలేదు. నువ్వెప్పుడూ కంపు కొట్టలేదమ్మా అని చెప్పింది. రుసానా షిఫ్టు దిగి తాళం తీసేదాకా ఆ నడవాలోనే కూర్చుంది. తలుపుకి ఇవతల నుంచి తనకి తెలిసిన కథలన్నీ చెప్పింది. కథలు ఎక్కువ తెలియవు, చెప్పినవే మళ్ళీ చెప్పింది. రుసానా వచ్చి నర్సుని నేల మీద చూసింది. మందు తీసుకుంది, తలుపేసుకుంది.

మర్నాడు పొద్దున కామెన్ ఇంకా నిద్రలో ఉండగానే దఫీనా టేపు, గాజుపలక తెచ్చుకుంది. అత్తగారు మీతా పొయ్యి దగ్గర రొట్టె ముక్కలు వేడిపాలల్లో నానేస్తూ తలెత్తి చూసింది.

"మళ్ళీ ఏంటే అది? బళ్ళో చూశావుగా."

"కడిగి చూశాను."

మీతా గరిటె ఆపింది. "ఊరందరికీ కడగొద్దని చెప్పి?"

"అవును."

"గుమ్మడిగింజలు పెట్టమని నేను మొత్తుకున్నా. వెల్లుల్లి పెట్టమన్నా. చదువుకున్న కోడలాయె, నా మాట చెవిన పెడుతుందా?" అని మీతా గొణిగింది. తర్వాత పిల్లాడి దుప్పటి తనే పక్కకి తీసి, "కానియ్యి, వాడు లేవకముందే" అంది.

వైద్యశాలలో ఆ పలక మీద గుడ్లు వెతకాల్సిన పని లేకపోయింది. ఎక్కడ చూసినా అవే.

వల్చేవా ఆ సంగతి విని లేచి గది తలుపు మూసింది. "దఫీనా, ఇది నువ్వు నాకు చూపించలేదు. నేను చూడలేదు. నీ కొడుక్కి ఇంట్లో మందు వేసుకో, ఎవరికీ తెలియక్కర్లేదు. గురువారం జిల్లా వాళ్ళొస్తున్నారు."

"సెవ్‌దా సంగతి?"

"ఆ పిల్ల సంగతి ముందే తేలిపోయింది కదా."

"తేలలేదు. నా కొడుకు బళ్ళో ఉన్నాడు, ఆ పిల్ల తాళం వెనక ఉంది. ఇద్దరిదీ ఒకటే జబ్బు."

"నిన్ను నర్సుగా ఉంచాలా వద్దా అని కూడా జిల్లావాళ్ళు అడుగుతారు. ఆలోచించుకో," అంది వల్చేవా. అది బెదిరింపు కాదు, నిజంగానే భయపడి అన్న మాట.

దఫీనా ఆలోచించుకోలేదు. ఆలోచిస్తే మళ్ళీ నీళ్ళు కాచుకునే మనిషే తను అని ఆవిడకి తెలుసు. మర్నాడు పొద్దున తల్లులు పిల్లల్ని దింపే వేళకి కామెన్ చెయ్యి పట్టుకుని గేటుకి అడ్డంగా నిలబడింది.

"అక్కలూ, ఒక్క నిమిషం. వీడికి నులిపురుగులున్నాయి. పరీక్షరోజున నేనే వీణ్ణి సబ్బు పెట్టి కడిగి తీసుకొచ్చాను. మీకు వద్దని చెప్పి, నేను కడిగాను."

మిల్లు గంటకి ఇంకా సమయం ఉంది. ఎవరూ కదల్లేదు. కామెన్ మొహం కందగడ్డలా అయింది. వాడు తల్లి కోటు వెనక్కి దూరాడు.

పెత్కానా ముందుకొచ్చింది. "అంటే రోజూ మా పిల్ల పక్కన కూర్చుని ఒకే గిన్నెలో చెయ్యి పెట్టేది వీడేనా?"

"వీడే. నువ్వు మీ పిల్లని కడిగావా లేదా, అది చెప్పు."

పెత్కానా అటూ ఇటూ చూసింది. "కడక్కుండా ఎవరు తెస్తారమ్మా? చర్మం ఊడేలా కడిగా."

ఎవరో ఫక్కున నవ్వారు. ఆ నవ్వు పాకింది. "నేనూ" అని ఒకరు, "మా అత్త కడిగింది, నేను కాదు" అని ఒకరు అన్నారు. దఫీనా మాత్రం నవ్వలేదు.

"తెచ్చింది ఒక్కతే. రుసానా. ఆమె పిల్ల ఒక్కతే గదిలో తాళం వెనక కూర్చుని, తను మురికి పిల్లననుకుని, చేతులు మండేదాకా కడుక్కుంటోంది. నా వల్లా, మీ వల్లా. రేపు కడక్కుండా తీసుకురండి."

నవ్వు ఆగిపోయింది. ఆడవాళ్ళు పిల్లల్ని లోపలికి తోసి, ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా మిల్లు వైపు నడిచారు.

మర్నాడు చిక్కుజుట్లతో, పైజామాల మీద కోట్లతో వచ్చారు పిల్లలు. పరీక్షిస్తే సగానికి పైగా పలకల మీద గుడ్లున్నాయి. బడి మొత్తానికీ ఒకేసారి మందు వేశారు, గోళ్ళు కత్తిరించారు, దుప్పట్లు ఉడకబెట్టారు, రెండు వారాల తర్వాత మళ్ళీ మందు వేశారు. జెండా వేరే ఊరికి పోయింది. దఫీనా ఉద్యోగం పోలేదు కానీ, అప్పటిదాకా నువ్వు అని పిలిచే వల్చేవా ఆ రోజు నుంచి "మీరు" అనడం మొదలుపెట్టింది. ఆ ముభావం చాలా ఏళ్ళు నడిచింది.

అందరికీ ఉన్నప్పుడు ఒక్కరిని ఇంట్లో కూర్చోబెట్టడం కుదరదు కాబట్టి సెవ్‌దా బడికొచ్చేసింది. తీసుకొచ్చిన రుసానాని దఫీనా గేటు దగ్గర ఆపింది.

"రుసానా, నేను ఆ రోజే వల్చేవాకి చెప్పాల్సింది. చెప్పలేదు. నన్ను క్షమించు."

"ఊరంతా చెప్పుకుంటున్నారు. విన్నా."

"నేను మీ అందరికీ చెప్పింది అబద్ధం కాదు. అంతా నిజమే. కానీ పొద్దున లేచేసరికి నాకు సిగ్గేసింది."

రుసానా ఆవిడ మొహంలోకి చూసింది. ఆ చూపులో కోపం లేదు. ఉంటే దఫీనాకి కాస్త తేలికయ్యేది.

"నాకు మాత్రం వెయ్యలేదా సిస్టరమ్మా?" అంది. పిల్ల కోటు గుండీ సర్ది, మిల్లుకి వెళ్ళిపోయింది.

మరుసటి ఏడు శరదృతువులో మా ఊరి ఆడవాళ్ళు మారిపోయారు. నర్సే నలుగురి ముందూ ఒప్పుకున్నాక వాళ్ళకి దాచుకోవడానికేం మిగిలింది? పెత్కానా అయితే తన కూతురి చిక్కుజుట్టు అందరికీ చూపిస్తూ, "చూడండి, దువ్వెన కూడా తాకించలేదు" అని గొప్పలు పోయింది. నడవాలో ఎక్కడా సబ్బు వాసన లేదు. దఫీనా పలక తర్వాత పలక అతికిస్తూ, ఇన్నేళ్ళకి తన పని తను చేస్తున్నాననుకుంది.

చివర్లో రుసానా వచ్చింది. సెవ్‌దా జుట్టు తడిగా, దువ్వెన పళ్ళ గీతలు కనబడేలా వెనక్కి దువ్వి ఉంది. చెవుల వెనక ఎర్రగా తోమిన గుర్తులు. ఇస్త్రీ చేసిన గౌను.

కడిగి తెచ్చావేమని అడిగే హక్కు తనకుందో లేదో దఫీనాకి తెలియలేదు. చేతులు రుద్దుకుని టేపు అద్దింది. పక్కనే మేజా మీదికి తెచ్చిపెట్టుకున్న సూక్ష్మదర్శినిలో అప్పటికప్పుడే చూసింది. ఖాళీ. ఆ ఖాళీకి అర్థం లేదని ఆవిడకి తెలుసు.

"రేపొకసారి తీసుకొస్తావా రుసానా? లేవగానే, అలాగే..."

"ఏవైనా ఉన్నాయా?"

"కనబడలేదు."

"అయితే చాలు," అంది రుసానా. పిల్ల గౌను కిందికి లాగి, జడ ముడి బిగించి, తరగతి గదిలోకి పంపింది. సెవ్‌దా వెళుతూ వెనక్కి తిరిగి, "నాకేం లేదు, చూశావా!" అని దఫీనాకి గర్వంగా చెప్పింది.

ఆ తర్వాత ఆ పిల్ల బడి వదిలేదాకా ప్రతి పరీక్షకీ రుసానా కడిగే తీసుకొచ్చింది.